మార్స్ మీద లాన్ రోలర్

"మార్స్ మీద తిరిగే బండికి పంక్చర్ పడితే ఎవరు వేస్తారండీ?" అని ఒకాయన అడిగారు. నవ్వులాటకి అడిగారో ఏమో గానీ ప్రశ్న మాత్రం భలే ప్రశ్న, ఎందుకంటే నాసా అక్కడికి పంపిన బండి, క్యూరియాసిటీ రోవర్, దాని చక్రాలకి నిజంగానే చిల్లులు పడ్డాయి. గాలి కొట్టిన రబ్బరు టైర్లు కావులెండి, అక్కడి చలికి రబ్బరు పెళుసెక్కి పగిలిపోతుంది, అందుకని మొత్తం అల్యూమినియమే. 2012 ఆగస్టులో గేల్ క్రేటర్ అనే పెద్ద గుంతలో దిగింది, 2013 చివరికొచ్చేసరికి ఫొటోలు చూస్తే రేకు చిరిగిపోయి ఉంది.

రోవర్ అంటే ఏంటి, ఎలా దిగింది, అవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, వదిలేద్దాం. నాకు ఈ చిల్లుల గొడవే ఇష్టం.

చక్రం అర మీటరు ఎత్తు, 40 సెంటీమీటర్ల వెడల్పు, రేకు మందం మాత్రం ముప్పావు మిల్లీమీటరు! బుద్ధుందా అనేముందు ఓ లెక్క చూడండి. చుట్టుకొలతని వెడల్పుతో గుణిస్తే 0.63 చదరపు మీటర్లు, ఒక్క మిల్లీమీటరు మందం పెంచినా చక్రానికి 1.7 కిలోలు, ఆరింటికీ కలిపి పది కిలోలు పైమాటే. తాళ్లు కట్టి గాల్లోంచి దింపాల్సిన 899 కిలోల బండికి పది కిలోలంటే మాటలా?

సరే, రేకు పల్చనే, కానీ అక్కడి రాళ్లు కూడా తక్కువవేం కాదు. గాలి కోతకి మొనదేలి, కింద బండకి అతుక్కుపోయి ఉంటాయి, చక్రం ఎక్కితే పక్కకి దొర్లవు.

ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌కి రండి. "లాన్ రోలర్‌ని నెట్టడం కంటే లాగడం తేలిక, ఎందుకు?" గుర్తుందా? ఇంపార్టెంట్ క్వశ్చన్ అని టిక్కు పెట్టించి బట్టీ కొట్టించారు, అసలు లాన్ రోలర్ (గడ్డి నేలని చదును చేసే బరువైన దొర్లుడు డ్రమ్ము) ఎలా ఉంటుందో ఒక్క లెక్చరరూ చూపించిన పాపాన పోలేదు. జవాబు ఇంతే: వాలుగా నెడితే ఆ బలంలో కొంత కిందకి నొక్కుతుంది, అంటే నేలమీద పడేది బరువు ప్లస్ ఎఫ్ సైన్ తీటా (ఎఫ్ అంటే మనం నెట్టే బలం, తీటా అంటే వాలు కోణం). లాగితే అదే మైనస్ అవుతుంది.

రోవర్‌కి ఆరు చక్రాలు, ఆరింటికీ ఆరు మోటార్లు. ముందు చక్రం ఓ మొనరాయికి తగిలి ఆగిందనుకోండి, మిగతా ఐదూ ఊరుకోవు, నెడుతూనే ఉంటాయి. ముందు చక్రాన్నీ మధ్య చక్రాన్నీ పట్టుకున్న కడ్డీలు వాలుగా ఉంటాయి కాబట్టి ఆ నెట్టుడంతా చక్రాన్ని రాయి మీదకి అదుముతుంది. మార్స్ గ్రావిటీలో మామూలుగా ఒక్కో చక్రం మీద పడేది 899 ఇంటూ 3.7 బై ఆరు, సుమారు 555 న్యూటన్లు, దానికి ఈ ఎఫ్ సైన్ తీటా తోడు, అదీ ఒక్క మొన మీద! వెనక చక్రాన్ని బండి లాక్కుపోతుంది, మైనస్ కేసు, అందుకే వాటికి దెబ్బలు తక్కువ.

మరేం చేశారు? రివర్స్‌లో నడిపారు, అప్పుడు ముందు చక్రాలు వెనకబడి లాగుడు కేసులోకి వస్తాయి! 2014 ఫిబ్రవరిలో ఓసారి ఏకంగా వంద మీటర్లు వెనక్కే పోయింది, రెండు మార్కుల జవాబే. తర్వాత 2017లో కొత్త సాఫ్ట్‌వేర్ పంపారు. అంతకుముందు ఆరూ ఒకే స్పీడులో తిరిగేవి, కానీ రాయెక్కే చక్రం దాని చుట్టూ ఎక్కువ దూరం పోవాలి కదా, ఇప్పుడు ఎక్కేదాన్ని బట్టి మిగతావి నెమ్మదిస్తాయి. ముందు చక్రాల మీద లోడు 20 శాతం, మధ్యవాటి మీద 11 శాతం తగ్గింది. మనం కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి దిష్టి పోయిందనుకుంటాం, వాళ్లు సస్పెన్షన్ యాంగిల్స్ లెక్కేసుకున్నారు. 2021లో దిగిన తర్వాతి రోవర్ పర్సెవరెన్స్‌కి రేకు మందం పెంచారు, పట్టుకోసం చక్రం మీద 48 వంపు గట్లు పెట్టారు.

ఈ లాగుడు ఇంతకుముందే ఓసారి కలిసొచ్చింది. 2006లో మార్స్ మీదే తిరుగుతున్న పాత రోవర్ స్పిరిట్‌కి ముందు కుడి చక్రం మోటారు చచ్చిపోయింది. నెడితే మట్టిలో కూరుకుపోతుందని బండిని రివర్స్‌లో నడుపుతూ ఆ చక్రాన్ని ఈడ్చుకెళ్లారు, అది నేలని దున్నుకుంటూ పోయింది. 2007లో గుసేవ్ క్రేటర్‌లో ఆ చాలులోంచే తెల్లటి మట్టి బయటపడింది, పరీక్షిస్తే 90 శాతం పైగా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే! అంత సిలికా ఒకచోట చేరాలంటే వేడినీళ్లో ఆవిరో రాళ్లలోంచి పారి ఉండాలి, భూమ్మీద అలాంటి వేడినీటి బుగ్గల్లో సూక్ష్మజీవులు హాయిగా బతికేస్తాయి.