బోర్డు దగ్గర మాయమై, బెంచీ దగ్గర దొరికే జవాబు

ఎనిమిదో తరగతిలో ఒకసారి తెలుగు మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి పద్యపాదానికి గణవిభజన చెయ్యమన్నారు. యమాతారాజభానసలగం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని ముందు రోజు రాత్రి పుస్తకంలో నాలుగుసార్లు చదువుకున్నాను కూడా. తీరా సుద్దముక్క పట్టుకుని నిలబడితే మొదటి అక్షరం గురువో లఘువో తేలలేదు. అరచేతులు తడిసిపోయాయి, నోరెండిపోయింది, వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. "చదవకుండా వచ్చావన్నమాట" అని మాస్టారు తేల్చేసి కూర్చోమన్నారు. బెంచీ మీద కూర్చుని రెండు నిమిషాలైందో లేదో, గణాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అప్పటికి చెయ్యెత్తి చెప్పే ధైర్యం లేదు.

చదవకపోవడం వేరు, చదివింది ఆ క్షణానికి అందకపోవడం వేరు. తరగతిలో ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తాం. రెండోదానికి పిల్లలు పెట్టుకున్న పేరు "బ్లాంక్ అయిపోవడం". ఇది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు. ఒంట్లో ఒక వరుసలో జరిగే పని.

హార్వర్డ్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లో వాల్టర్ కానన్ పిల్లులకు ఎక్స్‌రేలో కనబడే బిస్మత్ అనే పదార్థం కలిపిన ఆహారం పెట్టి, అప్పుడప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేతో వాటి కడుపు కదలికలు చూసేవాడు. పిల్లి బెదిరితే చాలు, కదలికలు ఠక్కున ఆగిపోయేవి. తర్వాతి సంవత్సరాల్లో ఆయన ఆ దారినే వెళ్లి, ప్రమాదం ఎదురైతే ఒళ్లు పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వివరించాడు. పరీక్ష రోజు పొద్దున ఇడ్లీ ముక్క గొంతు దిగని పిల్లల్లో జరిగేదీ అదే. ఎదురుగా ఉన్నది పులా, ప్రశ్నపత్రమా అని ఒళ్లు పెద్దగా తేడా చూడదు. మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా గంట కొడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు క్షణాల్లో అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడ, చెమట, వణుకు అన్నీ దాని చలవే. వెనకాలే నెమ్మదిగా కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను వస్తుంది. అది రక్తంలో బాగా పెరగడానికి దాదాపు 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అంటే మొదటి పీరియడ్‌లో తిట్లు తిన్న పిల్ల రెండో పీరియడ్‌లో లెక్కల సారు చెప్పేది వింటున్నట్టే కనిపిస్తూ ఏమీ ఎక్కించుకోకపోవచ్చు. లెక్కల సారుకేమో కారణం తెలియదు.

నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మన ఆలోచనలకు పలక లాంటిది. గణవిభజన చేయాలంటే అక్షరాన్ని మనసులో నిలుపుకోవాలి, తర్వాతి అక్షరం సంయుక్తమేమో చూడాలి, సూత్రం గుర్తుంచుకోవాలి. ఇదంతా రాసుకునేది ఆ పలక మీదే. దాని మీద ఒకసారికి ఏడు విషయాలు పడతాయని 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ లెక్క వేస్తే, తర్వాతివాళ్లు నాలుగు దాకా తగ్గించారు. అంత చిన్న పలక మీద నవ్విందెవరు, మాస్టారు ఏమంటారు, ఇంట్లో తెలిస్తే ఏమవుతుంది అన్నవి మూడు వరసలు ఆక్రమిస్తే గురులఘువులకు చోటెక్కడిది? పైగా యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధనల ప్రకారం, ఒత్తిడిలో మోతాదు మించి వచ్చే నారడ్రినలిన్, డోపమిన్ ఈ భాగంలోని నాడీకణాల మధ్య సంబంధాలను కాసేపు సడలిస్తాయి. అవే రసాయనాలు తగుమాత్రంగా ఉంటే దృష్టి కుదురుతుంది.

ఆ "తగుమాత్రం" దగ్గరే పెద్దవాళ్లు పట్టుబడతారు. దండం దశగుణం భవేత్ అని నమ్మి పెరిగిన తరాలు మనవి. భయం ఉంటేనే చదువొస్తుందనే మాటకు కొందరు సైన్సు సాక్ష్యం కూడా తెస్తారు. అది 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు చేసిన ప్రయోగం. ఎలుకలు తెల్ల పెట్టె, నల్ల పెట్టెల్లో సరైనది ఎంచుకోవాలి. తప్పితే కరెంటు షాక్. తేడా తేలిగ్గా తెలిసేటప్పుడు షాక్ పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమయ్యేలా వెలుతురు తగ్గిస్తే మాత్రం, పెద్ద షాకులు చదువును వెనక్కి లాగాయి. ఈ రెండో సగాన్ని ఎవరూ ఉటంకించరు. పదమూడో ఎక్కం బెత్తం కింద కూడా బయటికి రావచ్చు. ఎప్పుడూ చూడని లెక్కను విప్పడానికి ఆ బెత్తమే అడ్డు. షాకులు తిన్నవి ఎలుకలన్న సంగతి సరే సరి. మన దగ్గర 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడం, అందరి ముందు మార్కులు చదివి నవ్వించడం ఆ రెండు మాటల కింద ఎక్కడ పడతాయో చెప్పనక్కర్లేదు.

మరి పిల్లల్ని కుదుటపరచడం ఎలా? ఇప్పుడు చాలా బడుల్లో దీనికి జవాబు పొద్దున్నే పది నిమిషాల మెడిటేషన్. కళ్లు మూసుకోండి అని మైకులో చెప్తారు, తెరిచినవాళ్లని పట్టుకోవడానికి పీఈటీ సారు వరసల మధ్య తిరుగుతుంటాడు. బ్రిటన్‌లో మైరియడ్ పేరుతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. 80కి పైగా బడుల్లో, 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు 8 వేల మందికి పైగా పాల్గొన్నారు. కొన్ని బడుల్లో ధ్యానపద్ధతి పాఠాలు చెప్పారు, మిగతావాటిలో మామూలు పాఠాలే. 2022లో ఫలితాలు వచ్చాయి. రెండు వర్గాల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ధ్యానం వృథా అని దీనర్థం కాదు. తరగతిలో ఏదీ మార్చకుండా టైంటేబుల్‌లో ఒక పీరియడ్ అతికిస్తే సరిపోదని మాత్రం నేను అర్థం చేసుకున్నాను.

శ్వాస సంగతి వేరు. ఊపిరి తీసుకుంటే గుండె కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలితే తగ్గుతుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని ఎవరైనా చూసుకోవచ్చు. వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ అనే నరం దానికి కళ్లెం వేయడమే కారణం. అందుకే ఊపిరి తీసుకున్నదానికంటే వదిలే సమయం ఎక్కువగా ఉండేలా నాలుగైదుసార్లు చేస్తే దడ తగ్గుతుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు నెలపాటు రోజుకు ఐదు నిమిషాలు ఇలాంటి నిట్టూర్పు శ్వాస చేయించారు. ధ్యానం చేసినవాళ్లకంటే వీళ్ల మనసు ఎక్కువ తేలికపడింది. "దీర్ఘంగా నిట్టూర్చింది" అని కథల్లో రాస్తే దుఃఖానికి గుర్తనుకుంటాం కానీ, అది ఒళ్లు తనకు తానే చేసుకునే వైద్యం కూడా.

దడను తగ్గించకుండా దానికి అర్థం మార్చే దారి ఇంకొకటి ఉంది. 2010లో మనస్తత్వవేత్త జెరెమీ జేమీసన్ బృందం, అమెరికాలో పీజీ ప్రవేశాలకు పెట్టే జీఆర్ఈ రాయబోతున్న విద్యార్థుల్లో కొందరికి ఒక చిన్న మాట చెప్పింది. గుండె కొట్టుకోవడం మీకు చెరుపు చేయదు, మంచి మార్కులకు సాయపడవచ్చు కూడా అని. అంతే. ఆ మాట విన్నవాళ్లు లెక్కల విభాగంలో మెరుగ్గా చేశారు. మనం చెప్పేదేమో "టెన్షన్ పడకు". అప్పటిదాకా లెక్కల గురించే ఉన్న బెంగకు, టెన్షన్ పడుతున్నందుకు ఇంకో బెంగ తోడవుతుంది.

అసలైన మందు మాత్రం పరీక్ష రోజున కాదు, అంతకు ముందే పడాలి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 2016లో 120 మందితో ఒక ప్రయోగం చేశారు. పదాలు, బొమ్మలు నేర్చుకోమన్నారు. సగం మంది మళ్లీ మళ్లీ చదివారు, సగం మంది చూడకుండా గుర్తు చేసుకున్నారు. మర్నాడు కొందరిని జనం ముందు నిలబెట్టి ఉపన్యాసం ఇప్పించి, లెక్కలు చేయించి బెంబేలెత్తించారు. పాతిక నిమిషాలకు, కార్టిసాల్ నిండుగా ఉన్న వేళ అడిగితే, చదివినవాళ్ల జ్ఞాపకం దెబ్బతింది. గుర్తు చేసుకుని నేర్చినవాళ్లది చెక్కుచెదరలేదు.

ఇందులో మనకు కొత్తేముంది? దీన్నే అప్పజెప్పడం అంటాం. పుస్తకం అమ్మ చేతికిచ్చి, గోడవైపు చూస్తూ చెప్పుకుపోవడం. ఆ రాత్రి నాలుగుసార్లు చదివిన నేను ఒక్కసారి కూడా పుస్తకం మూయలేదు. అప్పజెప్పించుకోవడం బడిలో ఉన్నా, దానికి బెత్తాన్నీ ర్యాంకునీ కట్టేయడంతో వచ్చింది తంటా. స్లిప్ టెస్టు నిజానికి చాలా మంచి సాధనం. ఐదు ప్రశ్నలు, ఐదు నిమిషాలు, ఎవరిది వారే దిద్దుకుని చింపి పారేస్తే. ఆ మార్కులు నోటీసు బోర్డు ఎక్కి, సాయంత్రానికి నాన్న ఫోన్‌కు మెసేజ్‌గా వెళ్తే అది చిన్న పబ్లిక్ పరీక్ష. పెద్ద పరీక్షల్లో భయానికి ఎలాగూ కొదవ లేదు. తెలంగాణలో నిమిషం ఆలస్యమైతే ఇంటర్ పరీక్ష హాల్లోకి రానివ్వని నిబంధన ఏళ్లపాటు నడిచింది. 2024లో గానీ ఐదు నిమిషాల వెసులుబాటు రాలేదు.

టీచర్ల టెన్షన్ సంగతి విడిగా రాయాల్సిందే కానీ ఒక్క మాట. కెనడాలో 400 మందికి పైగా పిల్లల లాలాజలం పరీక్షించిన అధ్యయనం 2016లో వచ్చింది. ఏ టీచరు ఉద్యోగంతో ఎక్కువ అలసిపోయి ఉన్నారో ఆ తరగతి పిల్లల్లో పొద్దుటి కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. ఏది ముందో, ఏది వెనకో అధ్యయనం తేల్చలేదు. సిలబస్ కావడంలేదని నిత్యం చీవాట్లు తినే టీచరు క్లాసులో ఏ ముఖంతో ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఇక వారాలు గడిచినా నిద్ర, తిండి కుదరని పిల్లల విషయంలో ఈ చిట్కాలు చాలవు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా పలుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు.

వీటన్నిటిలో చవకైనది ఒకటి మిగిలింది. 1970ల్లో మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ విద్యావేత్త పాఠాలను టేపుల్లో రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది దాదాపు ఒక్క సెకను. ఆ తర్వాత ఇంకొకరిని లేపడమో, తామే చెప్పేయడమో. దాన్ని మూడు సెకన్లకు పెంచమంటే జవాబులు నిడివిగా వచ్చాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు పలికారు. పలక మీద నుంచి భయాన్ని చెరిపేసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి మరి.

తొమ్మిదిలో మాకు తెలుగు చెప్పిన టీచరమ్మ ప్రశ్న అడిగేసి వెనక్కి తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టేవారు. పై నుంచి కింది దాకా, మూలలు కూడా వదలకుండా. ఆవిడ ఇటు తిరిగేసరికి పది చేతులు లేచి ఉండేవి, కొన్నిసార్లు నాదీ. అప్పటికే శుభ్రంగా ఉన్న బోర్డును అన్నిసార్లు ఎందుకు తుడుస్తారో మాకు అర్థమయ్యేది కాదు.