బొటనవేలి నొప్పికి స్ప్లింట్: చేసేదేమిటి, చేయలేనిదేమిటి

పచ్చడి జాడీ మూత తిప్పబోతే బొటనవేలి మొదట్లో కలుక్కుమంటుంది. తాళం తిప్పినా, తడిబట్ట పిండినా అదే నొప్పి. యాభై దాటిన ఆడవాళ్లలో ఈ బొటనవేలి కీలు అరుగుదల చాలా మామూలు. అయినా మోకాలి అరుగుదల గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు. 'పని ఎక్కువైంది, అందుకే' అని సర్దుకుపోతారు. అలా సర్దుకుపోనక్కర్లేదని, బొటనవేలి మొదలుని పట్టి ఉంచే స్ప్లింట్ అనే తొడుగు ఉందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మణికట్టు దగ్గర ట్రపీజియం అనే చిన్న ఎముక ఉంటుంది. బొటనవేలి మొదటి ఎముక దాని మీద గుర్రం మీది జీనులా కూర్చుంటుంది. బొటనవేలు అన్ని వైపులా తిరిగి మిగతా వేళ్లను అందుకోగలిగేది ఇందువల్లే. కాకపోతే ఇంత స్వేచ్ఛగా తిరిగే కీలుని కదలకుండా పట్టి ఉంచే భారమంతా ఎముకల్ని కలిపి కట్టే పట్టీల్లాంటి లిగమెంట్ల మీదా కండరాల మీదా పడుతుంది. లిగమెంట్లు వదులైతే ఎముక పక్కకు జారుతుంది, లోపలి గుజ్జు అరుగుతుంది. ముదిరితే బొటనవేలి మొదలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో కూనీ, చావో అనే పరిశోధకులు 1977లో ఒక లెక్క కట్టారు. వేలికొసతో ఒక కిలో బలంతో నొక్కితే ఈ కీలు మీద దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందట. గట్టిగా బిగించి పట్టుకుంటే అది 120 కిలోల దాకా వెళ్లొచ్చు. మూత తిప్పడం లాంటి చిన్న పనికి అంత నొప్పి ఎందుకో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

పట్టు బిగించినప్పుడు ఎముక జారకుండా ఆపడం స్ప్లింట్ పని. అరిగిన గుజ్జుని అది తిరిగి తేలేదు. మెత్తటి రబ్బరు లాంటి నియోప్రీన్‌వి మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. గట్టి ప్లాస్టిక్‌వి థెరపిస్టులు చేతికి సరిపోయేలా చేసిస్తారు. ప్లాస్టిక్ రేకుని వేడి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. గ్లాసు పట్టుకున్నట్టు చేతిని ఉంచమని, దాని మీద రేకు చుట్టి, గట్టిపడేదాకా పట్టుకుంటారు. తర్వాత అంచులు కత్తిరించి వెల్‌క్రో పట్టీలు అతికిస్తారు. బొటనవేలి కొస కణుపు వంగుతోందా, మిగతా వేళ్లు పూర్తిగా ముడుచుకుంటున్నాయా అని అక్కడే చూసుకోండి. అరగంట పెట్టుకుని తీశాక చర్మం మీద ఎర్రటి గుర్తు పోకుండా ఉంటే మళ్లీ సరిచేయించుకోవాలి.

మన వంటిళ్లలో చేతికి ఎప్పుడూ తడే. నియోప్రీన్ తడిస్తే త్వరగా ఆరదు, చర్మం ఒరుస్తుంది. ప్లాస్టిక్‌ది కడిగి తుడిచేయొచ్చు. కానీ ఎండాకాలం కారులో వదిలేస్తే దాని ఆకారం పోతుంది.

ఇంతకీ నిజంగా పనిచేస్తుందా? ఫ్రాన్స్‌లో 112 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2009లో వచ్చాయి. రాత్రిపూట స్ప్లింట్ పెట్టుకున్నవారికి నెల తిరిగేసరికి తేడా ఏమీ లేదు. ఏడాదికి మాత్రం నొప్పీ ఇబ్బందీ బాగా తగ్గాయి. తర్వాత బ్రిటన్‌లో 349 మందిని 8 వారాలు పరిశీలిస్తే, వ్యాయామం, జాగ్రత్తలు నేర్పడానికి తోడు స్ప్లింట్ ఇచ్చినా అదనపు ఉపయోగం కనపడలేదు. అయినా కీళ్ల డాక్టర్ల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019లో దీన్ని గట్టిగానే సిఫారసు చేసింది. నా ఉద్దేశంలో ప్రయత్నించి చూడాల్సిందే. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపుకీ కిడ్నీలకీ వచ్చే ప్రమాదం దీనితో లేదు. కాకపోతే వారంలో తగ్గలేదని అటకెక్కించకూడదు. వ్యాయామాన్ని వదిలేసి దీని మీదే ఆధారపడకూడదు కూడా.

అలాగని రోజంతా బిగించుకుని ఉండకూడదు, కండరాలు బలహీనపడతాయి. నొప్పి పుట్టించే పనులప్పుడు, డాక్టర్ చెబితే రాత్రిళ్లు పెట్టుకుంటే చాలు. తీసినప్పుడు బొటనవేలిని మెల్లగా తిప్పుతూ, థెరపిస్టు చూపిన వ్యాయామం చేయాలి.

అన్నిటికన్నా ముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకోవాలి. మణికట్టు పక్కన స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) వాచినా, మణికట్టులో నరం నొక్కుకుపోయే కార్పల్ టనెల్ ఉన్నా బొటనవేలి వైపే బాధపెడతాయి. పొద్దున్నే చాలా కీళ్లు వాచి బిగుసుకుపోతుంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం కావచ్చు, దాని మందులు వేరు. స్ప్లింటూ వ్యాయామమూ చేసినా పట్టు దొరకనంత నొప్పి ఉంటే ఇంజెక్షన్, ఆ తర్వాత ట్రపీజియం ఎముకను తీసేసే ఆపరేషన్ కూడా ఉన్నాయి.