మొదటి ఆలస్యం ఇంట్లోనే: గర్భిణి ప్రమాద సూచనల వెనక కథ

తొమ్మిదో నెలలో కాళ్లకు నీరు పడితే చిత్తూరు పల్లెల్లో పెద్దవాళ్లు ‘మామూలే’ అనేస్తారు. చాలాసార్లు నిజమే. కానీ ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి తగ్గక, చూపు మసకబారితే మామూలు కాదు. బీపీ 140/90కి చేరిందేమో ఆ రోజే చూపించుకోవాలి. జాగు చేస్తే ఫిట్స్ రావచ్చు. పాతవాళ్లు గుర్రపువాతం అన్నది దీన్నే.

ఈ తేడా గర్భిణికే తెలియాలన్న ఆలోచన మరీ పాతది కాదు. అంతకుముందు నడిచింది వడపోత. పొట్టిగా ఉన్నవాళ్లను, తొలిచూలువాళ్లను, కాన్పులు ఎక్కువైనవాళ్లను ముందే ఏరి ఆస్పత్రికి పంపితే చాలనుకున్నారు. ఏ ముప్పూ లేదనుకున్న తల్లులకూ రక్తం ఆగకపోవడం చూశాక ఆ నమ్మకం సడలింది. 1987లో నైరోబీలో సురక్షిత మాతృత్వ సదస్సు జరిగింది. 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు ఆలస్యాన్ని మూడుగా విడదీశారు: బయలుదేరాలని తేల్చుకోవడంలో, దారిలో, చేరాక వైద్యం అందడంలో.

మన ప్రభుత్వాలు ముందు పట్టుకున్నది దారిని. 2005 ఆగస్టు 15న 108 మొదలైంది. అదే ఏడాది ఆస్పత్రి కాన్పుకు డబ్బు ఇచ్చే జననీ సురక్ష యోజన, 2011లో ఉచిత కాన్పు, రవాణా వచ్చాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2004–06లో ఉమ్మడి రాష్ట్రంలో 154, 2018–20లో ఆంధ్రప్రదేశ్‌లో 45. మొదటి ఆలస్యానికి ఇలాంటి మందు లేదు. ఎవరో ఒకరు ఫోన్ చేస్తేనే కదా బండి వచ్చేది!

ఏ సూచనకు ఎంత వ్యవధి ఉందో కూడా తెలియాలి. వైద్యం అందకపోతే ప్రాణం పోవడానికి పట్టే సమయం సుమారుగా కాన్పు తర్వాతి రక్తస్రావంలో 2 గంటలు, కాన్పుకు ముందరి రక్తస్రావంలో 12 గంటలు, ఫిట్స్‌లో 2 రోజులు, ఇన్‌ఫెక్షన్‌లో 6 రోజులు. కాన్పయ్యాక 20–30 నిమిషాల్లో రెండు మూడు ప్యాడ్లు తడిసినా, అరగంటకూ మాయ పడకపోయినా ఆగకూడదు. హిమోగ్లోబిన్ 7 లోపున్న తల్లి కొద్దిపాటి రక్తం పోయినా తట్టుకోలేదు. బిడ్డ కదలిక తగ్గినా, నొప్పుల్లేకుండా ఉమ్మనీరు పోయినా తెల్లారేదాకా చూడొద్దు.

ఇక్కడో చిక్కుంది. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. సూచనలు చెప్పిన ఆశా కార్యకర్త అత్తగారి ఊళ్లో ఉంటుంది, బయలుదేరాలా వద్దా అని తేల్చేది పుట్టింట్లో తల్లి. అందుకని తల్లీబిడ్డల కార్డు వెంట వెళ్లాలి. తిరుపతి ప్రసూతి ఆస్పత్రికి పంపినా ముందు అడిగేది అదే. కార్డులోని ప్రమాద సూచనల బొమ్మలు ఆ తల్లికీ, అమ్మాయి భర్తకూ చూపించాలి. ‘తలనొప్పి ఉందా?’ అంటే ఎవరైనా లేదనో ఉందనో అనేస్తారు. ‘ఏం కనిపిస్తే బయలుదేరతారు, ఏ బండిలో, రక్తం ఎవరిస్తారు?’ అని అడిగితే తెలిసిందెంతో అప్పుడు బయటపడుతుంది.