గౌరీపట్నం నల్లరాయి ఎక్కడిది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్నటి సెలవుల్లో రాజమండ్రి దగ్గరి గౌరీపట్నం కంకర క్వారీల మీదుగా వస్తూ, చుట్టుపక్కల అగ్నిపర్వతమే లేనప్పుడు ఈ లావా రాయి ఎక్కడి నుంచి వచ్చిందని మీరడిగారు. 6.6 కోట్ల ఏళ్ల క్రితం పడమటి కనుమల దిక్కున పొంగిన దక్కను లావా దాదాపు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. లావా గడ్డకట్టి ఏర్పడే ఈ బసాల్టు రాయి ఎక్కడిదైనా నల్లగానే ఉంటుంది కనుక ఆ చుట్టరికాన్ని రంగు చూసి తేల్చలేం.

దాన్ని తేల్చడానికి స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపులు, అంటే ద్రవ్యసంఖ్య వేరైన దాని పరమాణు రకాలు, పనికివస్తాయి. ఈ మూలకంలో ద్రవ్యసంఖ్య 86 గల పరమాణువుల సంఖ్య మారదు. 87 గలవి మాత్రం రుబీడియం అనే మరో మూలకం క్షయించి వాటిగా మారడం వల్ల మెల్లగా పెరుగుతుంటాయి. ఎంత మెల్లగా అంటే, ఉన్న రుబీడియం-87లో సగం తరగడానికి దాదాపు 4,900 కోట్ల ఏళ్లు కావాలి. రుబీడియం భూమి లోపలి పొర అయిన మాంటిల్‌లో కంటే దాని పైనున్న గ్రానైటు పటలంలో చాలా ఎక్కువ కాబట్టి, పాత గ్రానైట్లలో 86తో పోల్చినప్పుడు 87 పాలు బాగా హెచ్చి ఉంటుంది.

మీ అమ్మమ్మ పెట్టిన పులుసును పైనుంచి తీసినా అడుగు నుంచి తీసినా ముక్కల లెక్క మారుతుంది గాని ఉప్పదనం మారదు. శిలాద్రవం చల్లారుతూ ఖనిజాలను వదిలినా 87కి 86తో ఉన్న ఈ నిష్పత్తీ అలాగే నిలుస్తుంది. దారిలో గ్రానైటును కరిగించి కలుపుకుంటేనే మారుతుంది. పడమటి కనుమల్లో బుషే అనే పొరల్లో అది 0.713 దాటుతుంది, అంటే ఆ లావా పటలాన్ని గట్టిగానే మింగింది. వాటికి పైనున్న అంబెనాలి పొరల్లో దాదాపు 0.704 మాత్రమే. మీకిది లెక్కలోకి రాని తేడాలా తోచవచ్చు గాని, పరమాణువులను ద్రవ్యసంఖ్యను బట్టి విడదీసి ఐదో దశాంశం దాకా కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరానికి ఇది కొండంత.

రాజమండ్రి ప్రాంతపు కింది లావా అంబెనాలితోనూ, పై లావా పడమటి కనుమల్లో అంబెనాలికి పైనున్న మహాబలేశ్వర్ పొరలతోనూ సరిపోలాయి. అయితే వేర్వేరు లావాలకు ఒకే నిష్పత్తి ఉండే అవకాశం లేకపోలేదు కనుక, నా మటుకు నేను దీన్నొక్కదాన్నే నమ్మను. ఇతర మూలకాల పాళ్లు, వయసు, రాతిలో నిలిచిన అయస్కాంత దిశ కూడా కలిసిరావడం వల్లనే ఈ వాదానికి బలం వచ్చింది.

వికారాబాదు దిక్కున దక్కను లావా అంచు ముగిశాక రాజమండ్రి వరకూ ఆ రాయి కనబడదు. పాత నదీలోయల వెంట పారిన లావా తరువాత కోతకు గురై పోయిందని అంచనా. ఈసారి వచ్చినప్పుడు రెండు లావాల నడుమ చిక్కుకున్న నత్తగుల్లల పొరను చూపిస్తాను.

మీ తాతయ్య