భూమి రేట్ల డేటా ప్రభుత్వానికి ఇవ్వడం: మా డెల్టాలో వినిపించే అపోహలు, వాస్తవాలు

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల భూమి రేట్లు, కౌళ్లు, ఇంటి అద్దెలు, నిర్మాణ ఖర్చులు సేకరించి పట్టికలుగా చేసి ఇవ్వడం మా పని. ప్రభుత్వ సంస్థలు ఆర్థిక, రియల్ ఎస్టేట్ డేటా ఇచ్చేవాళ్ళు కావాలని ప్రకటన ఇచ్చినప్పుడల్లా, ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్ళు ఫోన్ చేస్తుంటారు. వాళ్ళ మాటల్లో కొన్ని అపోహలు పదే పదే వినిపిస్తాయి. నాకు తెలిసినంతలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: ప్రభుత్వం దగ్గర రిజిస్ట్రేషన్ లెక్కలన్నీ ఉన్నాయి కదా, బయట కొనాల్సిన అవసరం ఏముంది?

వాస్తవం: ఉన్నవి దస్తావేజులో రాసిన విలువలు. చేతులు మారిన ధర వేరే. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజు మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. ఎకరం 60 లక్షలకు బేరం కుదిరిందనుకోండి. అక్కడ రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టిన విలువ 25 లక్షలు ఉంటే, ఆ 25 లక్షలకే రాయించుకుంటే ఖర్చు 1,87,500 రూపాయలు. అసలు ధర రాస్తే 4,50,000. ఎక్కువమంది ఏది రాయిస్తారో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

ఇందులోంచి ఇంకో చిక్కు పుడుతుంది. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో మార్కెట్ విలువలు (పేరుకే మార్కెట్, ఇవి పైన చెప్పిన ప్రభుత్వ విలువలే) సవరించారు. ఇలాంటి సవరణ ముందు జనం రిజిస్ట్రేషన్లకు ఎగబడతారు, తర్వాత కొన్నాళ్ళు ఆఫీసు ఖాళీగా ఉంటుంది. విలువ పెరిగిన చోట దస్తావేజుల సగటు ధర ఒక్కసారిగా పైకి లేస్తుంది. బజారులో రేటు మాత్రం కదలకపోవచ్చు. కేవలం రిజిస్ట్రేషన్ లెక్కలు చూసి నివేదిక రాసేవాళ్ళకు అది భూమి బూమ్‌లా కనిపిస్తుంది. అందుకే అడుగుతున్న ధర, కుదిరిన ధర, అద్దె, అమ్ముడవడానికి పట్టిన కాలం లాంటివి వేరే దారిలో తెచ్చుకోవాలి.

నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007 నుంచి నడుపుతున్న ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్ ఇప్పుడు 50 నగరాలకు వస్తుంది. మన రాష్ట్రం నుంచి అందులో ఉన్నవి విజయవాడ, విశాఖ. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లేవు. అమెరికాలో ఫెడరల్ హౌసింగ్ ఫైనాన్స్ ఏజెన్సీ ఇళ్ల ధరల సూచీని తానే ప్రకటిస్తుంది. ఒకే ఇల్లు రెండోసారి అమ్ముడైనప్పుడు ధర ఎంత మారిందో చూసి లెక్కకడుతుంది. అంత పెద్ద సంస్థ కూడా తన విస్తృత సూచీ కోసం కౌంటీ రికార్డుల డేటాను బయటి సంస్థ నుంచి లైసెన్సు మీద తీసుకుంటుంది.

తక్కువకు రాయించుకోవడం వల్ల నష్టం లెక్కలకే కాదు. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 26 ప్రకారం పరిహారం లెక్కకు చూసేవాటిలో చుట్టుపక్కల గత మూడేళ్ళ అమ్మకం దస్తావేజులు ఉంటాయి. వాటిలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని సగటు కడతారు. దస్తావేజులన్నీ తక్కువ విలువతో ఉంటే ఆ సగం కూడా తక్కువే. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైన్ లాంటి పనికి పొలం ఇవ్వాల్సి వచ్చిన రైతుకు ఆ తేడా నేరుగా తగులుతుంది. మంచి డేటా అంటే నాకు పట్టింపు ఎందుకో అడిగేవాళ్ళకు నేను చెప్పే మొదటి కారణం ఇదే.

అపోహ: ఊరికో సగటు రేటు రాసిస్తే సరిపోతుంది.

వాస్తవం: డెల్టాలో ఇది అస్సలు పనికిరాదు. ఒకే ఊళ్ళో మెరక ఉంటుంది, పల్లం ఉంటుంది, కొబ్బరితోట, రొయ్యల చెరువు, లంక భూమి ఉంటాయి. రోడ్డు పక్క మెరకను ఇళ్ల స్థలంగా అడుగుతారు, పుంత మీదుగా వెళ్ళాల్సిన పల్లాన్ని వరికే అడుగుతారు. ఒక సంవత్సరం మెరకలు ఎక్కువ అమ్ముడై, మరుసటి ఏడాది పల్లాలు ఎక్కువ అమ్ముడైతే, ఏ ఒక్క రేటూ మారకుండానే సగటు పడిపోతుంది. రకం వారీగా విడదీసి, సగటు బదులు మధ్యలో నిలిచే ధర (ధరలన్నీ వరుసలో పెడితే నడిమిది) ఇవ్వాలి. ఎన్ని బేరాల మీద ఆ అంకె వచ్చిందో పక్కనే రాయాలి. మూడు బేరాలే ఉంటే మూడే అని రాయండి. తక్కువ ఉన్నాయని సిగ్గుపడి పక్క ఊరి రేటుతో పూరించేవాళ్ళను చూశాను. అది డేటా కాదు, ఊహ.

కొలతలు మరో గొడవ. మా వైపు పొలం కుంచాల్లో చెబుతారు, పది సెంట్లు ఒక కుంచం. ఇళ్ల స్థలం గజాల్లో, సెంటుకు 48.4 గజాలు. ఫ్లాటు చదరపు అడుగుల్లో. వరి కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని, బస్తా 75 కిలోలు. ఆ బస్తాలను రూపాయల్లోకి మార్చేటప్పుడు సార్వా ధరా, దాళ్వా ధరా, మద్దతు ధరా అన్నది రాయకపోతే లెక్క ఎవరికీ అర్థం కాదు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాల్‌కు 2,369 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,777. కళ్ళంలో రైతుకు అందేది అంతే ఉండాలని లేదు. చెరువు కౌలు మాత్రం ఏడాదికి ఇంత అని డబ్బు రూపంలోనే మాట్లాడతారు, అది రొయ్యల కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలను బట్టి ఊగుతుంది. అందుకే రొయ్యల ధరలు, అంబాజీపేట కొబ్బరి ధరలు కూడా భూమి డేటా పక్కనే పెడతాం.

అపోహ: ప్రకటన వచ్చిందంటే ఆర్డరు వచ్చినట్టే.

వాస్తవం: కాదు. ముందు సమాచారం కోరుతూ, లేదా ఆసక్తి తెలపమంటూ పిలుస్తారు. మార్కెట్లో ఎవరున్నారు, ఎవరి దగ్గర ఏముంది అని తెలుసుకోవడానికే అది. ఆ దశలో కొంటామన్న మాట ఎవరూ ఇవ్వరు. అయినా జవాబు ఇవ్వండి. తర్వాత వచ్చే టెండరులో షరతులు రాసేవాళ్ళు ఈ జవాబులే చదువుతారు. "మండలం స్థాయిలో నెలకోసారి ఇవ్వగలం, గ్రామం స్థాయిలో ఇవ్వలేం" అని నిజం రాస్తే, జరగని పనిని షరతుగా పెట్టకుండా ఉంటారు.

అపోహ: ఇవన్నీ హైదరాబాద్, ముంబయి కంపెనీలకే. పైగా ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్ళకే.

వాస్తవం: సగం నిజం. పాత అనుభవం, టర్నోవరు అడిగే టెండర్లు ఉన్నాయి. కానీ ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వ టెండర్లలో ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) మినహాయింపు ఉంది. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్ళలో కనీసం 25 శాతం ఇలాంటి సంస్థల నుంచి తీసుకోవాలన్న విధానమూ ఉంది. రాష్ట్ర టెండర్ల నియమాలు వేరు, విడిగా చదువుకోండి. అన్నీ ఎల్1 (అందరికంటే తక్కువ కోట్) మీదే నడవవు. నాణ్యతకూ మార్కులు వేసే పద్ధతి ఉంది, కన్సల్టెన్సీ కాని సేవల్లో ఆ వాటా గరిష్ఠంగా 30 శాతం. జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ళ ఆన్‌లైన్ పోర్టల్) నమోదు, క్లాస్ 3 డిజిటల్ సంతకం ముందే సిద్ధం చేసుకోండి. ఆఖరి రోజు సర్వర్ దగ్గర టెన్షన్ పడొద్దు.

అపోహ: ఎక్సెల్ ఫైలు పంపితే పని అయిపోయింది.

వాస్తవం: అక్కడే మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. గోదావరికి పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరిలో ఉంది. 2021లో "తూర్పు గోదావరి" అన్న అంకె, 2023లో అదే పేరుతో ఉన్న అంకె రెండు వేర్వేరు ప్రాంతాలవి. రెండింటినీ కలిపి గ్రాఫు గీస్తే తప్పు. మండలం కోడ్‌తో పాత సంవత్సరాలను మళ్ళీ కట్టి ఇవ్వాలి. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, రెండింటినీ కలిపే పట్టిక కూడా కావాలి. ఒక్కో కాలమ్ అర్థం, సేకరించిన తేదీ, పద్ధతి, తర్వాత సవరిస్తే ఎలా చెబుతారు, ఇవన్నీ రాసి ఇవ్వాలి. సంస్థ మీ డేటాను సొంతంగా కొంటోందా, వాడుకునే లైసెన్సే తీసుకుంటోందా అన్నది సంతకం పెట్టకముందే చూడండి.

అపోహ: పేర్లు, ఫోన్ నంబర్లు ఎక్కువ ఉంటే డేటాకు విలువ ఎక్కువ.

వాస్తవం: తలనొప్పి ఎక్కువ. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. ధరల సూచీకి రైతు పేరు అక్కర్లేదు. రేటు చెప్పినవాళ్ళ వివరాలు మా పుస్తకం దాటి బయటికి పోవు.

అపోహ: ప్రభుత్వం డబ్బు ఎప్పటికీ రాదు.

వాస్తవం: ఆలస్యం అవుతుంది, నిజమే. చిన్న సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఆలస్యమైన చెల్లింపుల మీద కేంద్రం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అయితే గడువు లెక్కకు డేటా అందిన తేదీయే ఆధారం. కాబట్టి ప్రతి నెలా ఫైలు పంపగానే అందినట్టు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి, అడగడానికి మొహమాటపడకండి.