క్రిస్మస్ దీవి పండగ స్టాంపులు: అపోహలు - వాస్తవాలు

పక్షులు, జంతువుల స్టాంపులు సేకరించే నన్ను కొత్తవారు తరచుగా అడిగేది హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవి గురించే. ఆ పేరూ, పండగ వేళ స్టాంపులపై కనిపించే అక్కడి ఎర్ర పీతలూ కలిసి చాలా అపోహలకు కారణమయ్యాయి.

అపోహ: ఇవి ఆల్బమ్‌లో దాచుకోవడానికే వేసిన బొమ్మలు, ఉత్తరానికి చెల్లవు.

వాస్తవం: జావాకు దక్షిణంగా సుమారు 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవి 1958లో ఆస్ట్రేలియా పాలనలోకి వచ్చింది. 1993 నుంచి దీని స్టాంపులను ఆస్ట్రేలియా తపాలా సంస్థే విడుదల చేస్తోంది కనుక, దీవి పేరుతో పాటు ఆస్ట్రేలియా పేరు కూడా ముద్రించిన ఆ స్టాంపులు ఆ దేశమంతటా చెల్లుతాయి.

అపోహ: పసిడి రంగు సముద్రపక్షి ఉన్న స్టాంపు ముద్రణలో రంగు తప్పినది, కనుక అరుదైనది.

వాస్తవం: ఈ మాట చెప్పి ఒక అమ్మకందారు నాకే రెట్టింపు ధర చెప్పాడు. మామూలుగా ఆ జాతి పక్షి తెల్లగా ఉంటుంది, పొడవాటి తోక ఈకలు కూడా తెల్లనివే. అయితే ఈ దీవిలో గూడు కట్టే రకానికి మాత్రం ఒంటినిండా బంగారు ఛాయ ఉంటుంది. దీవి జెండా మీద ఉన్నదీ ఆ పక్షే. భూతద్దం కింద చూస్తే కంటి దగ్గరి నల్లచార, రెక్కల మీది నల్లమచ్చలు వాటి స్థానంలోనే స్పష్టంగా కనిపిస్తాయి. తప్పు ముద్రణలో ఒక రంగు పక్కకు జరిగితే ఆ అంచులే ముందు చెదురుతాయి.

అపోహ: ఎర్ర పీతలు ఏటా క్రిస్మస్ నాటికే సముద్రానికి చేరతాయి, అందుకే పండగ స్టాంపులపై వేస్తారు.

వాస్తవం: వాటికి మన క్యాలెండరు తెలియదు. సాధారణంగా అక్టోబరు, నవంబరులలో పడే తొలివానలకు అడవి నుంచి కోట్లాదిగా బయలుదేరతాయి. బహుళ అష్టమి ప్రాంతంలో, తెల్లవారకముందే, పోటు దిగడం మొదలయ్యే వేళ ఆడపీతలు గుడ్లను నీటిలోకి వదులుతాయి. వాన ఆలస్యమైతే వలస కూడా ఆలస్యమవుతుంది. దీవికి ఆ పేరు 1643 డిసెంబరు 25న అటుగా సాగిన కెప్టెన్ విలియం మైనర్స్ పెట్టినది, పీతలకు దానితో సంబంధం లేదు.

అపోహ: కవరు మీది ఏ స్టాంపునైనా నీళ్లలో నానబెట్టి తీయవచ్చు.

వాస్తవం: పాత జిగురు స్టాంపులకే అది సరి. స్టిక్కరులా అతుక్కునే రకాన్ని నానబెడితే చాలాసార్లు స్టాంపు పలచబడి చిరుగుతుంది. తపాలా ముద్ర చెడకుండా చుట్టూ ఒక సెంటీమీటరు కాగితం ఉంచి కత్తిరించి, అలాగే దాచుకోవడం నా అలవాటు.