పికప్ వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు: అపోహలు – వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పికప్ ఓనర్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "అన్నా, వెనక డ్రమ్ములు పీకేసి డిస్కులు వేద్దాం, ఎంతవుతుంది?" డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె, లోపలి షూలు తెరుచుకుని దాన్ని అదుముతాయి. డిస్క్ అంటే చక్రంతో తిరిగే పళ్లెం, కాలిపర్ దాన్ని రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కుతుంది. ఫోన్లో వీడియో చూశామంటారు, స్టాండులో ఎవరో వేయించుకున్నారంటారు. అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. ఫైనాన్స్ బండి, నెలనెలా కిస్తీ, రాత్రంతా లోడు మీద డ్రైవింగ్. ఒక్కసారి బ్రేకు అందక ముందున్న లారీ డాలా దాకా వెళ్లి ఆగినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ భయం నిజమైనదే. ఆ భయాన్ని ఆసరా చేసుకుని "డిస్కులు వేస్తే నీ బాధలన్నీ తీరిపోతాయి" అని చెప్పేవాళ్ల మీదే నా కోపం.

అపోహ: వెనక డిస్కులు వేస్తే బండి దగ్గర్లో ఆగుతుంది

జనం డబ్బు ఎక్కువగా పోతున్నది దీని దగ్గరే. ప్రాణాల మీదకు తెచ్చేదీ ఇదే. అందుకని దీన్ని విడమరిచి చెబుతాను.

బండిని చివరికి ఆపేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. డ్రమ్ము బ్రేకు చక్రాన్ని లాక్ చేయగలుగుతోందంటే ఆ టైరుకు ఉన్న పట్టు మొత్తం వాడేసినట్టే. దాని చోట డిస్క్ బిగించినా రోడ్డు కొత్తగా పట్టు ఇవ్వదు. పైగా బ్రేకు నొక్కగానే బరువు ముందుకు వాలుతుంది. ఖాళీ బండిలో ఆపే పని ఎక్కువగా ముందు చక్రాలదే. అక్కడ కంపెనీ ఎలాగూ డిస్కులే ఇచ్చింది. ఖాళీ పికప్‌లో వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే బండి వెనక భాగం పక్కకు తిరిగి వచ్చేస్తుంది. తడి రోడ్డు మీద అయితే స్టీరింగ్ తిప్పినా లాభం ఉండదు.

ఇంకో సంగతి. డ్రమ్ములో ఒక షూను చక్రం తిరుగుడే ఇంకా గట్టిగా డ్రమ్ముకేసి అదుముతుంది. సెల్ఫ్ ఎనర్జైజింగ్ అనేది దీన్నే. ఒక షూ చక్రం తిరిగే దిశలో, ఇంకోటి దానికి ఎదురుగా పనిచేసే మామూలు (లీడింగ్-ట్రైలింగ్) డ్రమ్ములో షూను ఎంత బలంతో నెడితే దానికి రెండు రెట్లు, ఇంకాస్త ఎక్కువ ఘర్షణ బలం వస్తుంది. డిస్కులో ఆ సాయం లేదు. ప్యాడ్ ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే రెండు ప్యాడ్లూ కలిసి ఇచ్చేది 0.8 రెట్లే. ఆ లోటు తీరాలంటే కాలిపర్ పిస్టన్, డ్రమ్ములో షూలను నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్ కంటే చాలా పెద్దదిగా ఉండాలి. పిస్టన్ పెద్దదైతే దాన్ని నింపడానికి ఆయిల్ ఎక్కువ కావాలి. పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే పాత మాస్టర్ సిలిండర్ అంత ఆయిల్ పంపలేకపోతే పెడల్ సగానికి పైగా దిగిపోతుంది. అలాగని చిన్న కాలిపర్ వేస్తే లోడు మీద వెనక బ్రేకు డ్రమ్ము కంటే నీరసంగా ఉంటుంది. కాలిపర్, మాస్టర్ సిలిండర్, కాలి బలాన్ని పెంచే బూస్టర్, బరువును బట్టి వెనక ప్రెషర్ మార్చే లోడ్ వాల్వ్, ఈ నాలుగూ ఒకదానికొకటి లెక్క కుదిరితేనే బ్రేకు. డిస్కు మార్పిడి కిట్టు అమ్మేవాళ్లు మొదటిదాన్ని మాత్రమే చేతికిస్తారు.

ఇక అసలు విషయం, లోడ్ వాల్వ్. చాలా పికప్‌లలో వెనక ఇరుసు హౌసింగ్‌కూ చాసిస్‌కూ మధ్య ఒక సన్నటి రాడ్డు ఉంటుంది, దానికో స్ప్రింగు, పైన ఒక వాల్వు. కంపెనీ పుస్తకాల్లో ఎల్‌ఎస్‌పీవీ అని రాస్తారు. లోడు ఎక్కి బాడీ కిందికి దిగితే రాడ్డు వాల్వును నెట్టి వెనక చక్రాలకు ప్రెషర్ ఎక్కువ పంపిస్తుంది. ఖాళీగా ఉండి బాడీ పైకి లేస్తే ప్రెషర్ తగ్గిస్తుంది. బరువు ఎంతుందో ఆ వాల్వుకు తెలిసేది బాడీ ఎత్తును బట్టే. వేరే దారి లేదు.

ఇప్పుడు మనవాళ్లు చేసే పని చూడండి. కొత్త బండి షోరూం నుంచి రాగానే కమాన్ కట్టలో, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరలో, ఒకటో రెండో పట్టీలు ఎక్కిస్తారు, లోడుకు కూర్చోకుండా ఉండాలని. బాడీ పైకి లేచి అక్కడే నిలబడుతుంది. రెండు టన్నులు వేసినా అనుకున్నంత దిగదు. వాల్వుకేమో బండి ఖాళీగా ఉన్నట్టే లెక్క. వెనక ప్రెషర్ కోసేస్తుంది. నిండు లోడు మీద వెనక బ్రేకు సగం కూడా పనిచేయదు, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. ముందు ప్యాడ్లు తొందర తొందరగా అరిగిపోతుంటే, లోడు మీద బండి ఆగకపోతుంటే, ఓనర్ ఏమనుకుంటాడు? "డ్రమ్ములు పనికిరావు, డిస్కులు వేయిద్దాం." పట్టీలు ఎక్కించిన రోజే వాల్వు రాడ్డును మళ్లీ సెట్ చేయించి ఉంటే అతనికి ఈ ఆలోచనే వచ్చేది కాదు. ఆ వాల్వును అలాగే ఉంచి డిస్కులు బిగించారనుకోండి, వాటికీ అదే కోసిన ప్రెషర్ అందుతుంది. డబ్బులు పోతాయి, బండి మాత్రం మునుపటిలాగే ఆగకుండా వెళ్తుంది.

భీమవరం వైపు నుంచి రొయ్యల లోడు తోలే బండి ఒకటి ఇలాగే వచ్చింది. ఓనరే డ్రైవరు, మంచి కుర్రాడు. డిస్కులకు అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధపడే వచ్చాడు. బండిని పిట్ మీద పెట్టి లైటు వేసి చూపించాను. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రేల నుంచి కారి కారి రాడ్డు బాల్ జాయింటు తుప్పుతో బిగుసుకుపోయింది. వాల్వు లీవరు పక్కకు వాలిపోకుండా ఎవరో బైండింగ్ వైరుతో చాసిస్‌కు కట్టేశారు. వైరు మీద ప్లయర్ల గాట్లు కూడా కనిపిస్తున్నాయి. ఆ వైపే వెనక చక్రం విప్పితే ఆయిల్ సీలు పోయి గేరాయిలు షూల మీదకు వచ్చేసి ఉంది. లైనింగ్ నల్లగా, గోరు పెడితే జారేలా ఉంది. కొత్త వాల్వు, రాడ్డు, సీళ్లు, షూలు వేసి డ్రమ్ములు టర్నింగ్ చేయించి (లోపలి ముఖాన్ని లేత్ మీద నున్నగా గీయించి), పట్టీల ఎత్తును బట్టి రాడ్డు సెట్ చేసి పంపాం. తర్వాత ఫోన్ చేసి, "అన్నా, ఇది నా బండేనా" అన్నాడు.

దీనికి ఎదురు కేసు కూడా చూశాను. నూజివీడు వైపు మామిడికాయలు తోలే పికప్. ఎక్కడో స్క్రాప్ కారు నుంచి తీసిన కాలిపర్లు వెనక బిగించి, లోడ్ వాల్వు మొత్తం తీసేసి నేరుగా పైపు వేసేశారు. లోడు మీద బాగానే ఆగిందట. కాయలు దించి ఖాళీగా వస్తుంటే చినుకులు మొదలయ్యాయి. కుక్క అడ్డం వచ్చిందని బ్రేకు నొక్కాడు, బండి రోడ్డుకు అడ్డంగా తిరిగి డివైడర్ ఎక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు. పాత డ్రమ్ములు ఇంటి దగ్గర అటక మీద ఉన్నాయంటే తెప్పించి మళ్లీ అవే వేశాం.

కాబట్టి బండి సరిగ్గా ఆగడం లేదంటే డిస్కుల మాట ఎత్తకముందే ఇవి చూపించుకోండి. పెడల్ మెత్తగా, స్పాంజిలా ఉంటే లైన్లో గాలి ఉంది. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. రాయిలా గట్టిగా ఉంటే వ్యాక్యూమ్ పైపో, పంపో, బూస్టరో చూడాలి. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, అలాగే పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి జారితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. ఒక పక్కకు లాగుతుంటే ముందు కాలిపర్ పిన్నులు బిగుసుకున్నాయేమో చూడమనండి. షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ము దగ్గరికి జరిపే వెనక ఆటో అడ్జస్టర్ తుప్పు పట్టి ఆగిపోయి ఉంటే షూలు డ్రమ్ముకు దూరంగా ఉండిపోతాయి, మొదటి తొక్కుకు బ్రేకు అందదు. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం అచ్చు వేసి ఉంటుంది. అది దాటిన డ్రమ్మును ఇంకోసారి టర్నింగ్ చేయించొద్దు, మార్చేయండి. ఈ పనులన్నీ కలిపినా డిస్కుల ఖర్చుకు దగ్గరికి కూడా రావు.

అపోహ: ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు ఫెయిలవుతాయి, డిస్కులైతే ఏం కాదు

ఇందులో సగం నిజం ఉంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి పోతుంది. డిస్కుకు ఆ ఇబ్బంది లేదు, గాలి తగిలి తొందరగా చల్లారుతుంది కూడా. కానీ వేడి ఎంతో ఒకసారి చూడండి. లోడుతో కలిపి 3 టన్నులున్న బండి 500 మీటర్ల ఎత్తు నుంచి దిగిందంటే, ఆ శక్తితో 50 లీటర్ల నీళ్లు మరిగే దాకా కాచుకోవచ్చు. అదంతా బ్రేకుల మీదే వేస్తే డిస్కులైనా ఎర్రబడతాయి, ప్యాడ్లు కాలిపోతాయి, కాలిపర్‌లో ఆయిల్ మరిగి పెడల్ నేలకు తగులుతుంది.

పాడేరు ఘాట్ గానీ, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ గానీ, శ్రీశైలం నుంచి దోర్నాల దిగే దారి గానీ, పైనే రెండో గేరో మూడో గేరో వేసుకుని ఇంజిన్ మీద దిగాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, కాసేపు గట్టిగా నొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లను చూస్తే నాకు గుండె దడ వస్తుంది. ఇంజిన్ కూడా ఆపేస్తే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందదు, రెండు మూడు తొక్కుల తర్వాత పెడల్ రాయి అయిపోతుంది. దయచేసి ఆ పని చేయొద్దు.

అపోహ: కంపెనీలు కక్కుర్తి పడి డ్రమ్ములు ఇస్తున్నాయి

డ్రమ్ము చవకే, కాదనను. కానీ లక్షలు పోసి కొనే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌కూ, టొయోటా హైలక్స్‌కూ మన దేశంలో వెనక డ్రమ్ములే వచ్చాయి. బరువు మోసే బండికి డ్రమ్ముతో హ్యాండ్ బ్రేకు గట్టిగా దొరుకుతుంది, బురద, రాళ్లు లోపలికి తేలిగ్గా పోవు. అమెరికాలో ఉన్న మా బావమరిది టొయోటా టకోమా పికప్ వాడతాడు. "కొత్త వాటికి నాలుగూ డిస్కులేగా బావా, నేనూ మార్పించుకోనా" అని అడిగాడు. 2023 మోడల్ దాకా దానికి వెనక డ్రమ్ములే, 2024లో బండినే కొత్తగా డిజైన్ చేసి వెనక డిస్కులు ఇచ్చారు. బ్రేకు సిస్టమ్ మొత్తం ఆ లెక్కతోనే వచ్చింది. పాత బండికి చక్రం దగ్గర మాత్రమే మార్చడం, అదీ ఇదీ ఒకటి కాదని చెప్పాను.

అపోహ: హ్యాండ్ బ్రేకు ఎలాగోలా సెట్ చేస్తారు

చేయరు. మామూలు కాలిపర్‌కు హ్యాండ్ బ్రేకు ఉండదు. లివరుతో వచ్చే కాలిపరైనా కావాలి, లేదా డిస్క్ మధ్యలో చిన్న డ్రమ్మున్న రకమైనా కావాలి. హ్యాండ్ బ్రేకు లేని బండ్లకు చక్రం కింద రాయి పెట్టుకుని తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు. ఏటవాలు మీద నిండు లోడుతో నిలబెట్టిన బండి ముందు నుంచి పిల్లలు నడుస్తుంటారు. అందుకే హ్యాండ్ బ్రేకు లేని కిట్టును నేను ముట్టుకోను, ఎంత ఇస్తామన్నా సరే.

అపోహ: ఇది రిపేరే కదా, ఆర్టీఓకు ఏం సంబంధం

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణల్లో, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. రవాణా బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆటోమేటిక్ టెస్టింగ్ స్టేషన్లో రోలర్ల మీద చక్రం చక్రానికీ బ్రేకు కొలుస్తారు, ఎడమ కుడి తేడా అక్కడే బయటపడుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేది కూడా ఇలాంటి మార్పులే.

మిగతావి

కొత్త షూలు వేయగానే బ్రేకు పూర్తిగా రాదు. మొదటి కొన్ని రోజులు లోడు తగ్గించి, నింపాదిగా నడపండి. డ్రమ్ములోకి నీళ్లు వెళ్తే బ్రేకు తగ్గేది నిజమే. వాగు దాటాక పెడల్ మీద మెల్లగా కాలు ఆనించి కొంత దూరం నడిపితే ఆరిపోతుంది. షూల దుమ్మును గాలి కొట్టి ఊదించొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులను తినేస్తుంది. పక్కన నిలబడే కుర్రాళ్ల గురించి కూడా ఆలోచించండి. తడిగుడ్డతో తుడిపించండి.

బ్రేకు ఆయిల్ తగ్గకపోతే మార్చక్కర్లేదనేది ఇంకో మాట. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ అనేది బ్రేకు ఆయిల్ గ్రేడు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పట్టాక 155. రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి, ఘాట్ మీద తిరిగే బండికి డాట్ 4 పోయించండి. డాట్ 3లో డాట్ 4 కలిసినా నష్టం లేదు, డాట్ 5 మాత్రం సిలికాన్, దాన్ని కలపకూడదు. ఇంజిన్ ఆయిల్ గానీ, పెట్రోలు గానీ చుక్క పడినా రబ్బర్లు ఉబ్బిపోతాయి. మూత తీసి నెలల తరబడి ర్యాకులో ఉన్న సీసాలోది పోయనివ్వకండి. సీలున్న సీసా తెప్పించి, మీ కళ్ల ముందే తెరిపించుకోండి.